శిఖరం మీద లేని నిలువురాయి

ఈ రోజు సెలవు. వేరే పనేమీ పెట్టుకోకుండా పొద్దున్నే గుట్ట ఎక్కి, పూర్వపు మనుషులు నిలబెట్టిన నిలువురాయి దగ్గర రెండు గంటలు కూర్చుని వచ్చాను. ఇన్నేళ్ళుగా దానిని గుట్ట నెత్తిన ఉన్న రాయి అనే అనుకుంటున్నాను గాని, అది నెత్తిన లేదన్న సంగతి ఈ రోజే గమనించాను. అసలు శిఖరం ఇంకా వంద అడుగుల నడక పైన ఉంది. అక్కడ నిలబడితే గుట్ట వాలే అడ్డువచ్చి కింది దారి కనబడదు. రాయి దగ్గరకు దిగితే దారి మొత్తం కళ్ళ ముందు పరుచుకుంటుంది. అంటే కింద నడిచే మనిషికి రాయి ఆకాశం మీద గీత గీసినట్టు కనబడాలంటే ఈ చోటే సరైనది. చరిత్రపూర్వ యుగపు సమాధి దిబ్బలు కొన్నింటిని కూడా ఇలాగే, కింది నుంచి చూసేవారికి శిఖరంలా తోచే అంచున కట్టారని చదివినప్పుడు తలూపాను గాని, ఎక్కి దిగితే గాని అర్థం కాలేదు.

నడుము ఎత్తున పశువులు ఒళ్ళు రుద్దుకున్న మేర రాయి నునుపెక్కింది, ఒక పగులులో ఎర్రటి వెంట్రుకలు ఇరుక్కుని ఉన్నాయి. వాటి డెక్కలకు రాయి మొదలు దగ్గర మట్టి కదిలి పల్లం పడి, రాయిని గోతిలో దింపాక చుట్టూ బిగించిన రాళ్ళలో ఒకదాని అంచు బయటపడింది. లాగి చూద్దామని చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాను. దీన్ని ఎప్పుడు నిలబెట్టారో రాయి చెప్పదు, గొయ్యి చెప్పాలి: అందులోని బొగ్గుకు వయసు తేల్చే కార్బన్ 14 పరీక్ష చేయవచ్చు, ఇసుక రేణువులు చివరిసారి ఎండ చూసి ఎంతకాలమైందో లెక్కకట్టవచ్చు. ఆ రేణువులకు మళ్ళీ వెలుతురు తగిలితే ఆ లెక్క చెరిగిపోతుంది.

ఇలాంటి రాయిని మెన్‌హిర్ అంటారు, బ్రెటన్ భాషలో పొడవు రాయి అని. నాకు మన మాటే నచ్చుతుంది, ఎందుకంటే పొడవు రాయికి పుట్టుకతో వచ్చినది, నిలబెట్టింది మనుషులు. ఫ్రాన్సులోని లోక్‌మరియాకేర్‌లో 20 మీటర్ల పైచిలుకు రాయి నాలుగు ముక్కలై పడి ఉంది. అది ఇప్పటికీ మెన్‌హిరే, నిలువురాయి మాత్రం కాదు.

దిగి వచ్చాక దారి మలుపులో వెనుదిరిగి చూశాను. ఒక ఆవు రాయికి మెడ రుద్దుకుంటోంది. అంత దూరం నుంచి కూడా రెండూ విడివిడిగా కనబడ్డాయి.