బైపీసీలో చేర్చే ముందు నాడి పట్టించండి

తొమ్మిది, పది తరగతుల్లో "డాక్టర్నవుతా" అనే పిల్లలు చాలామందే ఉంటారు. నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, ఫిజియోథెరపిస్టు అన్న మాట మాత్రం అరుదుగా వినిపిస్తుంది. వీళ్లకు ఉపన్యాసాల కన్నా రెండు పీరియడ్ల పని అప్పగించడం మేలు. ఒకరి నాడి ఒకరు చూడాలి, ఒకరి బీపీ ఒకరు కొలవాలి.

ముందు నాడి. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు చూపుడు, మధ్య వేళ్లు ఆనించాలి. బొటనవేలితో పట్టకూడదు, దాని సొంత నాడే తగిలి లెక్క తప్పుతుంది. 30 సెకన్లు లెక్కించి రెండింతలు చేస్తే చాలు. లయ తప్పుతుంటే మాత్రం నిమిషం పూర్తిగా లెక్కపెట్టాలి. ఆ తర్వాత వేళ్లు తీయకుండా, ఎదుటివాళ్లకు చెప్పకుండా శ్వాస లెక్కపెట్టమనండి. చూస్తున్నారని తెలిస్తే ఊపిరి తీరే మారిపోతుంది.

బీపీకి ఎక్కువ సమయం కేటాయించండి. పాదాలు నేలకు ఆనించి, వీపు కుర్చీకి చేరవేసి అయిదు నిమిషాలు మాటల్లేకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద ఉండాలి, కిందికి వేలాడితే అంకె పెరుగుతుంది. కఫ్ (చేతికి చుట్టే గాలి పట్టీ) మోచేతి మడతకు రెండు, మూడు సెంటీమీటర్ల పైన చుట్టాలి. లావు చేతికి చిన్న కఫ్ చుడితే లేని బీపీ కనిపిస్తుంది. మణికట్టు నాడి పట్టుకుని గాలి కొట్టాలి. నాడి ఆగిన అంకె మీద ఇంకో 30 దాకా పెంచి, సెకనుకు రెండు, మూడు మి.మీ. చొప్పున గాలి వదలాలి. స్టెతస్కోపులో మొదటి చప్పుడు పై అంకె, చప్పుడు పూర్తిగా ఆగిన చోటు కింది అంకె. గాలి గబగబా వదిలేస్తే పై అంకె తక్కువగా, కింది అంకె ఎక్కువగా వస్తుంది.

అసలు చూడాల్సింది పిల్లలు రాసే కాగితం. ఒకే మనిషికి ఇద్దరు విడివిడిగా కొలిచి, ఒకరిది ఒకరు చూడకుండా రాయాలి. బీపీ మీటరు డయల్ మీద గీతలు రెండేసి మి.మీ.కి ఉంటాయి కాబట్టి 116, 124 లాంటివి రావాలి. అన్నీ సున్నాతోనే ముగిస్తే, అందరికీ 120/80 వస్తే, చెవితో విన్నది కాక మనసులో ఉన్నది రాశారన్నమాట. ఈ అలవాటు ఆస్పత్రి దాకా పోతే రోగికే నష్టం. అందుకే మళ్లీ కొలిపించండి, కోప్పడకండి. ఎవరికైనా అంకె ఎక్కువొస్తే కాసేపాగి మళ్లీ చూడాలి. క్లాసులో పైకి చదవకుండా తల్లిదండ్రులకు చెప్పి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాలి.

ఇక గ్రూపుల సంగతి, పదో తరగతి పరీక్షలకు ముందే చెప్పాలి. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, బయాలజీ తప్పనిసరి. ఫిజియోథెరపీకీ బయాలజీ ఉండాల్సిందే. ఎంపీసీలో చేరితే ఈ రెండూ పోయినట్టే. డీఫార్మసీకి ఎంపీసీ అయినా బైపీసీ అయినా సరే. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) మూడేళ్లు, వేరే గ్రూపులవాళ్లూ చేరవచ్చు. ఇంటర్ ఒకేషనల్‌లో ఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు) తీసుకునేవాళ్లు తర్వాత డిగ్రీ కోర్సు చదవాలనుకుంటే, మామూలు ఇంటర్ వాళ్లతో సమానం కావడానికి చదివే బ్రిడ్జి కోర్సు సంగతి చేరే రోజే కాలేజీలో అడిగి తెలుసుకోవాలి.