గునుగు కూర కోసం జహీరాబాద్ దాకా

బతుకమ్మలో పేర్చే గునుగు పూలను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఆ మొక్క లేతాకును కూర వండుకుంటారని మాత్రం మొన్నటి దాకా తెలియదు. చెప్పింది నా స్నేహితురాలు. "మా ఊరికి రా, అమ్మ వండి పెడుతుంది" అంది. శ్రావణంలో ఒక ఆదివారం పొద్దున్నే ఇద్దరం జహీరాబాద్ బస్సెక్కాం. హైదరాబాద్ నుంచి ముంబై హైవే మీద 100 కిలోమీటర్ల పైచిలుకు.

ఛాయ్ తాగామో లేదో, స్నేహితురాలి అమ్మ, నాకు పెద్దమ్మ, మమ్మల్ని చేనుకు బయల్దేరదీసింది. ఎర్ర నేల. రాత్రి కురిసిన వానకు చెప్పుల కింద మట్టి ముద్దలు కట్టింది. జొన్న, కంది కలిపి వేసిన చేను. సాళ్ల మధ్య ఉన్నదంతా నా కంటికి గడ్డే. పెద్దమ్మ వంగి ఒక్కోటీ చూపించింది. ఇది తుమ్మి, వినాయక చవితికి వండుతారు. ఇది జొన్న చెంచలి. ఇదిగో గునుగు! సన్నగా కొసదేలిన ఆకు, లేత కాడ మీద కాస్త ఎరుపు.

"విత్తనం ఎప్పుడు చల్లుతారు పెద్దమ్మా?"

"ఎవ్వలు చల్లుతరు బిడ్డా! నిరుడు రాలిన గింజనే. వాన పడంగనే అదే మొలుస్తది."

అలాగని దాని మానాన దాన్ని వదిలేయరు. జొన్న మొదట్లో మొలిచి పైరును తినేసే మొక్కల్ని ఆమె వేళ్లతో సహా పీకి కొంగులో వేసుకుంది. కలుపు తీయడమూ కూర కోయడమూ ఒకటే పని. మిగతావాటికి నాలుగు వేళ్ల పొడుగున చిగురు మాత్రం గిల్లింది. టప్‌మని విరిగింది కాడ. గిల్లిన చోట పక్క కొమ్మలు వేస్తుంది, ఆ కొమ్మలన్నిటికీ పువ్వు. ఆవగింజ కన్నా చిన్నవి, నల్లగా మెరిసే గింజలు ఆ పూలలోంచే నేలలో రాలతాయి. గట్టు వెంబడి ఉన్నవాటిని ఆమె ముట్టుకోలేదు.

గట్టవతల పత్తి చేను. కలుపు మందు కొట్టారట, సాళ్ల మధ్య ఒక్క ఆకు లేదు. కూరాకు కోసుకోవడానికి ఎవరి చేనైనా ఒకటే అన్నది ఈ ఊళ్ల పద్ధతి. భూమి లేనివాళ్లు కూడా ఒడి నింపుకుని పోయేవారు. ఆ చేను చూశాక మందు ఎవరి నోటి దగ్గర కూడు తీసేసిందో అర్థమై మనసు చివుక్కుమంది. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో 1983 నుంచి పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు ఈ కూరల కోసం ఎందుకంత గట్టిగా మాట్లాడతారో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

ఇంటికొచ్చాక ఆకు ఉడికించి, నీళ్లు పిండి, పెసరపప్పు, ఎల్లిపాయ, ఎండుమిర్చితో తాళింపు వేసింది. వేడి జొన్నరొట్టెతో రెండుసార్లు అడిగి వేయించుకున్నాను.

బస్సెక్కేముందు పెద్దమ్మ నా చేయి పట్టుకుంది. "గట్టు పొంటి ఇడిసినయి జూసినవ్ గదా? పువ్వుకు రా బిడ్డా, బతుకమ్మకు."