నల్లగా కనిపించిన కృష్ణా డెల్టా: నా గేట్ జియోమాటిక్స్ ప్రిపరేషన్

ఇంజినీరింగ్ పీజీ ప్రవేశాలకు రాసే గేట్ పరీక్షలో జియోమాటిక్స్ (సర్వే, ఉపగ్రహ చిత్రాలు, మ్యాపుల శాస్త్రం) పేపర్ ఫలితాలు వచ్చినప్పటి నుంచి, అందులోని ఇమేజ్ ప్రాసెసింగ్ ఎలా చదివారని చాలామంది అడుగుతున్నారు. అందుకే మిగతా సిలబస్ జోలికి పోకుండా, మొదటి ప్రయత్నంలో నన్ను ముంచి, రెండోసారి రెండంకెల ర్యాంకు దాకా తెచ్చిన హిస్టోగ్రామ్ (చిత్రంలో ఏ వెలుగు స్థాయిలో ఎన్ని పిక్సెళ్లున్నాయో చూపే పటం) గురించే రాస్తున్నాను.

మొదటి ఏడాది ఈక్వలైజేషన్‌ను, అంటే చిత్రం స్పష్టంగా కనిపించేలా ఆ స్థాయిలను మళ్లీ పంచే పద్ధతిని, సూత్రంగా కంఠస్థం చేశాను. 3 బిట్ల చిత్రంలో (0 నుంచి 7 దాకా 8 స్థాయిలు) 64 పిక్సెళ్లున్నాయి, 0 స్థాయిలో 20, 1 స్థాయిలో 16. ఈ 1 స్థాయి దేనిగా మారుతుందన్నది ఒక మాక్ టెస్టులో ప్రశ్న. నేను 1 స్థాయి దాకా ఉన్న పిక్సెళ్ల వాటా 36/64ను 8తో గుణించి, 4.5 వచ్చిందని 5 వేశాను. గుణించవలసింది 7తో, అప్పుడు 3.94 వచ్చి జవాబు 4 అవుతుంది. 8తో గుణిస్తే చివరి స్థాయి 8 అవుతుందని, 3 బిట్లలో 8 అనే స్థాయే ఉండదని నాకు తట్టనే లేదు. ఆ ఏడాది కటాఫ్ కూడా దాటలేదు.

రెండోసారి పుస్తకం పక్కన పెట్టి, కృష్ణా డెల్టా, కొల్లేరు ఉన్న ల్యాండ్‌శాట్ 8 ఉపగ్రహ దృశ్యంలోని సమీప పరారుణ (కంటికి కనిపించని కాంతి) బ్యాండ్‌ను క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో తెరిచాను. తెరంతా దాదాపు నలుపే. ఆ ఫైలు 16 బిట్లది. నీరు, నేల, పైర్లు అన్నీ కలిసి సుమారు 5,000 నుంచి 20,000 మధ్యే ఉన్నాయి, పై కొసను మాత్రం మబ్బులు ఆక్రమించాయి. 16 బిట్లలో 0 నుంచి 65,535 వరకు ఉన్న పరిధిని తెర చూపే 0 నుంచి 255 స్థాయిల్లో సర్దితే, నాకు కావలసిన డెల్టా మొత్తం దాదాపు 20కీ 78కీ మధ్య ఇరుక్కుపోతుంది. సరే, రెండు కొసల్లోనూ 2 శాతం చొప్పున పిక్సెళ్లను వదిలేసే 2 నుంచి 98 శాతం కట్ పెట్టాను. పై హద్దు దిగింది గానీ కింది హద్దు 0 దగ్గరే మొండిగా నిలబడింది. చిత్రం చుట్టూ ఉండే నల్లటి అంచుల్లో డేటా ఉండదు, వాటి విలువ 0. అవి 2 శాతం కంటే చాలా ఎక్కువ కావడం వల్ల కట్ వాటిని దాటలేకపోయింది. ట్రాన్స్‌పరెన్సీ ట్యాబ్‌లో 0ను నో డేటాగా ఇచ్చాక కొల్లేరు చుట్టూ ఉన్న చేపల చెరువుల గట్లు ఒక్కొక్కటిగా తేలాయి.

తరువాత మచిలీపట్నం తీరాన్ని 8 బిట్లలోకి మార్చి, కత్తిరించి, గింప్ అనే ఫోటో సాఫ్ట్‌వేర్‌లో ఈక్వలైజ్ చేశాను. పొలాలు మరింత స్పష్టమవుతాయనుకుంటే సముద్రం మచ్చలు మచ్చలుగా మారింది. ఆ ముక్కలో ఎక్కువ పిక్సెళ్లు సముద్రానివే. పిక్సెళ్లు గుమిగూడిన చోటికే ఈ పద్ధతి ఎక్కువ స్థాయిలను పంచుతుంది, పొలాలకు మిగిలేది కొంచెమే. పైగా ఒకే స్థాయిలో ఉన్న పిక్సెళ్లను అది విడదీయలేదు కాబట్టి స్థాయిల సంఖ్య పెరగదు, కొన్ని కలిసిపోవచ్చు కూడా; హిస్టోగ్రామ్ పూర్తిగా చదును కాకపోవడానికి కారణం ఇదే. ఒకటికి మించి సరైన జవాబులుండగల ఎమ్‌ఎస్‌క్యూలలో పాక్షిక మార్కులుండవు, అక్కడ ఇలాంటి వాక్యం ఒక్కటి తేడా వచ్చినా మొత్తం పోతుంది.

పాత ప్రశ్నపత్రాలు వదిలేసి మూడు వారాలు బొమ్మలతో ఆడుకుంటున్నానని స్నేహితులు ఎగతాళి చేశారు. నిజానికి ఉదయం రెండు గంటలు పాత ప్రశ్నలు, రాత్రి ఒక గంట సాఫ్ట్‌వేర్ అన్న నియమం నేనెన్నడూ తప్పలేదు. తప్పేవాళ్లకు ఈ పద్ధతి చెప్పను. సర్వేయింగ్, జీఎన్‌ఎస్‌ఎస్ (జీపీఎస్ లాంటి ఉపగ్రహ స్థాన నిర్ణయం) అందరిలాగే చదివాను.

ఇప్పుడు ఈక్వలైజేషన్ పట్టిక వేసే ముందు, రఫ్ కాగితం మీద ఆఖరి వరుసలో 7 అని రాసుకుని, అప్పుడే మొదటి వరుసకు వెళ్తాను.