ఇంటి కప్పు మీద విమానం

జలంధర్ కంటోన్మెంట్‌లో మా తమ్ముడికి పోస్టింగు. అమృత్‌సర్, వాఘా చూసి వచ్చాక వాడు "అక్కా, ఇక్కడ అసలు చూడాల్సినవి ట్యాంకులు" అన్నాడు. సైన్యంలో ఉన్నవాడు కదా, యుద్ధ ట్యాంకులనుకున్నాను. నీళ్ళ ట్యాంకులట.

బియాస్, సట్లెజ్ నదుల మధ్యనున్న ఈ ప్రాంతం పేరు దోఆబా. ఇక్కడి పల్లెల నుంచి కెనడాకో, ఇంగ్లండుకో, ఇటలీకో వలస వెళ్ళినవాళ్ళు లెక్కలేనంతమంది. అక్కడి సంపాదనతో సొంతూళ్ళో మేడ కడతారు. అంత మేడ మీద అందరిలా నల్ల ప్లాస్టిక్ ట్యాంకు పెడితే పరువేం కాను? ఇనుప చువ్వలతో అస్థిపంజరం అల్లించి, సిమెంటు మెత్తించి, ఏకంగా విమానాన్నే దించుతారు. కొన్నిటి కడుపులో నిజంగానే నీళ్ళుంటాయి, కొన్ని ఉత్త అలంకారం.

కారెక్కగానే మా మేనల్లుడు నియమాలు ప్రకటించాడు. మేడ మీద ట్యాంకు ఫుట్‌బాల్ ఆకారంలో కనిపిస్తే ఒక మార్కు, గద్దకు రెండు, విమానానికి అయిదు, ఎన్నడూ చూడనిదానికి పది. ఫుట్‌బాల్‌కు అంత చవక ధర ఎందుకంటే అవి అడుగడుగునా ఉన్నాయి. 1947లో సియాల్‌కోట్ నుంచి వచ్చిన పనివాళ్ళు జలంధర్‌ను ఆట సామాను ఊరుగా చేశారు మరి. ఆట మాకే అనుకున్నాం గానీ, నకోదర్ దారిలో డ్రైవరు సర్దార్‌జీ ఉన్నట్టుండి "గద్ద! నా గద్ద!" అని అరిచి పోటీలో దిగిపోయాడు. తోవలన్నీ తెలిసినవాడు ఆడటం అన్యాయమని మావాడు గొడవ. మధ్యవర్తి పదవి నాకు దక్కింది.

ఒక ఫుట్‌బాల్ దగ్గర దిగి నిదానంగా చూశాను. నలుపు తెలుపు పలకలు ముందువైపు లెక్క ప్రకారం ఉన్నాయి. వెనక్కి వెళ్ళేసరికి మేస్త్రీకి చోటు చాలక చివరి నల్ల పలకను నిలువుగా పిండి ఇరికించాడు. రోడ్డు మీదికి అది కనిపించదులే అనుకుని ఉంటాడు. నాకు మాత్రం మొత్తం బంతిలో అదే నచ్చింది.

ఇదంతా డబ్బు చేసిన డాబు అనేవాళ్ళున్నారు. డాబే అనుకుందాం. కానీ చాలా మేడలకు తాళాలున్నాయి. కట్టించినవాడు ఏ టొరంటోలోనో మంచు తోడుకుంటూ ఉంటాడు. ఊళ్ళో ఉన్నా, తన ఇంట్లో కూర్చుంటే తన విమానం తనకే కనబడదు. తల ఎత్తి చూసి నవ్వుకునేది దారిన పోయే మనమే. ఖర్చు వాళ్ళది, ఆట మనది. ఇంతకన్నా ఉదారమైన డాబు నేనెక్కడా చూడలేదు.

తల్హణ్ గురుద్వారాకు చేరేసరికి విమానాలు అరచేతిలోకి వచ్చాయి. దారి పక్క దుకాణాల నిండా రంగురంగుల బొమ్మ విమానాలే. విదేశానికి వెళ్ళాలని మొక్కుకున్నవాళ్ళు ఇవి కొని లోపల సమర్పిస్తారు. హైదరాబాదు దగ్గర చిలుకూరు బాలాజీకి వీసా కోసం 11 ప్రదక్షిణలు చేసి, అది చేతికందాక 108 చేసేవాళ్ళున్న జాతి మనది. నవ్వే హక్కు నాకు లేదు. ఈ గురుద్వారా వెలసింది బాబా నిహాల్ సింగ్ పేరు మీద. ఆయన కొత్తగా తవ్విన బావులకు అడుగున చక్రం బిగించేవాడని, ఆ పనిలోనే ప్రాణం పోయిందని చెబుతారు. నీళ్ళ మనిషి దగ్గరికి విమానాలు వచ్చి చేరాయన్నమాట.

పోగైన బొమ్మలను పిల్లలకు పంచేస్తారు. ఆవరణలో ఇద్దరు పిల్లలు ఒకే విమానాన్ని అటొకసారి ఇటొకసారి ఎగరేస్తున్నారు. ఎవరి కెనడాయో అది! మావాడు వెళ్ళి రన్‌వేలా చేతులు చాచి నిలబడ్డాడు. భాష రాదు, అవసరమూ పడలేదు. లంగరులో, అంటే గురుద్వారాలో అందరికీ ఉచితంగా వడ్డించే పంక్తిలో, భోజనానికి పిలిచి కూర్చోబెట్టడానికి తలప్రాణం తోకకొచ్చింది.

తిరుగుదారిలో ఒక మేడ మీద బొద్దుగా, పైన చిన్న మూతితో ఏదో కనబడింది. ప్రెషర్ కుక్కరని సర్దార్‌జీ, రాకెట్టని మావాడు. పది మార్కుల వ్యవహారం, నా తీర్పు ఇద్దరికీ నచ్చలేదు. గుమ్మంలో మంచం మీద కూర్చున్న ముసలమ్మనే అడిగాం. "తామర పువ్వు. రేకులు ఇంకా పెట్టలేదు, మేస్త్రీ పెళ్ళికి పోయాడు" అంది. మార్కులు ఎవరికీ లేవన్నాను. పంచాయతీ ఏమిటో విన్నాక ఆవిడ నడుం పట్టుకుని లేచి, "వెనక వీధిలో ట్రాక్టరుంది, పిల్లాడికి చూపించారా?" అంది. సర్దార్‌జీ అప్పటికే బండి తిప్పుతున్నాడు.