పోచంపల్లికి మంగళవారం వెళ్లాలి

ఆదివారం వెళ్తే పోచంపల్లిలో చీరల దుకాణాలే కనిపిస్తాయి. ఊళ్లో గది తీసుకుని నాలుగు నెలలు ఉండొచ్చా, చేతిపని నేర్చుకుంటూ లాప్‌టాప్ ఉద్యోగం చేసుకోవచ్చా అని చూసేవాళ్లు వారం మధ్యలో వెళ్లాలి. మేం అందుకే మంగళవారం బయల్దేరాం. ఎల్బీనగర్ నుంచి విజయవాడ రోడ్డు మీద హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్, రామోజీ ఫిల్మ్‌సిటీ దాటాక ఎడమకు తిరగాలి. నగరం నడిబొడ్డు నుంచి లెక్కేసినా 45 కిలోమీటర్లు, అటూ ఇటూ. ఊరికి రైలు లేదు, దగ్గరి స్టేషన్ బీబీనగర్. బస్సు దిగేముందే ఆఖరి బస్సు ఎన్నింటికో కండక్టర్‌ని అడిగి పెట్టుకోండి. ఫోన్‌లో చూపించే టైమూ ఆయన చెప్పే టైమూ ఒకటి కావు.

చేర్యాల, పెంబర్తి కూడా మా లెక్కలో ఉన్నాయి. చేర్యాల నకాషీ బొమ్మలు చూడ్డానికి ఒక పూట చాలు, ఆ పని ఇప్పుడు కొద్ది ఇళ్లకే మిగిలింది. పెంబర్తి ఇత్తడి పని గొప్పదే కానీ జనగామ అండ లేకుండా అక్కడ బతుకు సాగదు. పోచంపల్లిలో అట్లా కాదు. వీధిలోకి అడుగు పెట్టగానే మగ్గం చప్పుడు, పక్క గుమ్మంలో ఆరేసిన రంగు నూలు.

మగ్గం కంటే ముందు చిటికి కట్టే చోట, అంటే ఇక్కత్ డిజైన్ కోసం నేయకముందే నూలును కట్టి రంగు వేసే చోట కూర్చోండి. ఆసు పోసిన, అంటే కొయ్యల చుట్టూ తిప్పి పేర్చిన పేక (అడ్డపోగుల) నూలును చట్రానికి బిగించి, గళ్ల కాగితం మీది డిజైన్ ప్రకారం గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోటల్లా సైకిల్ ట్యూబు కోసిన సన్నటి రబ్బరు పట్టీలతో కడతారు. ముందు లేత రంగులో ముంచుతారు, ఆరాక కొన్ని విప్పి కొన్ని కొత్తగా కట్టి ముదురు రంగులో వేస్తారు. కట్టు వదులైతే రంగు లోపలికి పాకుతుంది. ఆ తప్పు పట్టీ విప్పేదాకా తెలియదు, తెలిశాక దిద్దుబాటు లేదు. నేసేటప్పుడు పేక పోగును మోసుకెళ్లే నాడె అటు నుంచి ఇటు వచ్చిన ప్రతిసారీ పోగును అంచు దగ్గర వేలితో వెంట్రుకవాసి లాగి గుర్తుకు గుర్తు కలుపుతారు. ఓ పది పోగులు ఆ పని మరిస్తే డిజైన్‌లోని ఏనుగు తొండం విరిగినట్టు వస్తుంది. పడుగూ (నిలువు పోగులు) పేకా రెండూ చిటికి కట్టినవైతే కష్టం రెట్టింపు. కొనేవాళ్లకు ఒక ఆనవాలు: అసలుది తిరగేసినా రంగు అంతే గట్టిగా ఉంటుంది, డిజైన్ అంచు కాస్త చెదిరినట్టు ఉంటుంది. అచ్చు వేసినదానికి వెనకవైపు వెలవెలబోతుంది.

ఆసు పోయడం ఒకప్పుడు ఇంటి ఆడవాళ్ల భుజాలు విరగ్గొట్టేది. ఒక్క చీరకు కొయ్యల చుట్టూ దాదాపు 9,000 సార్లు చెయ్యి తిప్పాలి, నాలుగు నుంచి ఆరు గంటలు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం అమ్మ బాధ చూసి 1999లో చేసిన లక్ష్మీ ఆసు యంత్రం దాన్ని గంటన్నరకు దించింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఊరి పేరు ముందు భూదాన్ ఎందుకుందో వినోబా మందిరంలో తెలుస్తుంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఇక్కడికి వచ్చినప్పుడు దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో చేర్చాక బోర్డులు పెరిగాయి. నన్నడిగితే బోర్డుల కంటే ఆ మందిరం అరుగు మీద ఓ గంట కూర్చోవడం మేలు.

ఇక ఉండటం సంగతి. గది చూసేటప్పుడు తలుపు వేసి, కిటికీ మూసి ఫోన్ సిగ్నల్ చూడండి. వీధిలో నిండుగా ఉన్నది మందపు గోడల మధ్య ఒక గీతకు పడిపోతుంది. కరెంటు పోతే ఇన్వర్టర్ ఎంతసేపు ఆగుతుందో అడగండి. వానాకాలంలో నేర్చుకోవడం మొదలుపెట్టొద్దు. గుంట మగ్గంలో చెమ్మ చేరుతుంది, పడుగు బిగువు మారుతుంది, రంగు నూలు ఆరదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి మంచిది. మల్టీప్లెక్స్ సినిమాకు, రాత్రి పదకొండు గంటల బిర్యానీకి ఎల్బీనగర్ వైపు పోవాల్సిందే. ఆ కొరత చిన్నదని నేననను, మాలో ఒకరు అక్కడే వెనక్కి తగ్గారు.

మేం చూసిన మూడో గది ఒక నేత ఇంటి మీది అంతస్తు. అద్దె ఎంతని అడిగితే ఆ ఇంటి పెద్దమ్మ అంకె చెప్పలేదు. "కింద మగ్గం అయిదు గొట్టంగనే మొదలైతది బిడ్డా, మీకు నిద్ర వడ్తదా?" అని తిరిగి అడిగింది.