అలిగేది అమ్మానాన్నలైతే

తల్లిదండ్రుల తీరు మీద అమెరికన్ పరిశోధకుడు బ్రయాన్ బార్బర్ 1996లో ప్రచురించిన ప్రశ్నావళిలో ఉన్నవి కొద్ది వాక్యాలే. వాటికి జవాబిచ్చేది పిల్లలు. అమ్మ ఇలా ఉండదు, కొంచెం ఇలాగే ఉంటుంది, చాలావరకు ఇలాగే ఉంటుంది అని గుర్తు పెడతారు. నాన్న గురించీ అంతే.

కొన్నిటి సారం తెలుగులో చెబుతాను. నావల్ల మనసు కష్టపడితే, నేను బతిమాలుకునేదాకా నాతో మాట్లాడరు. నేను నిరాశపరిస్తే నా వైపు చూడరు. తిట్టేటప్పుడు పాత తప్పులన్నీ తవ్వుతారు. నేను చెబుతుంటే నా వాక్యం వాళ్లే పూర్తి చేసేస్తారు. ఇంట్లో ఇంకొకరి కష్టాలకు నన్ను కారణం చేస్తారు.

విదేశాల్లో పిల్లల్ని పెంచుతున్న తెలుగువాళ్లలో చాలామందికి ఇది చదువుతుంటే గుండె కలుక్కుమంటుంది. స్కూల్ పోర్టల్‌లో లెక్కలకు 'సి' కనిపించిన సాయంత్రం ఎవరూ అరవరు. కంచం కాస్త చప్పుడయ్యేలా పెడతారు. పెరుగు కావాలా అని అడగరు, గిన్నె జరుపుతారు. ఆ పూట మాటలన్నీ తమ్ముడితోనే. కొట్టలేదు, తిట్టలేదు కాబట్టి మంచిగానే సర్దుకున్నామని మనం అనుకుంటాం. ఆ పరిశోధనలో దాని పేరు మానసిక నియంత్రణ.

దీన్ని క్రమశిక్షణతో కలిపేయకూడదు. ఎక్కడికి వెళ్తున్నావు, ఎవరితో, ఎన్నింటికి వస్తావు అని అడగడం, హద్దులు పెట్టడం ప్రవర్తన నియంత్రణ. అది కొరవడిన చోట దారి తప్పే పనులు, మానసిక నియంత్రణ ఎక్కువైన చోట దిగులు, కుంగుబాటు ఎక్కువగా కనిపించాయని బార్బర్ చూపించాడు. ఇక్కడే చాలామంది పొరపడతారు. తప్పు తెలిశాక బెంగపడి నియమాలన్నీ ఎత్తేస్తారు, నెల తిరిగేసరికి విసిగిపోయి మళ్లీ మౌనంలోకి వెళ్తారు. నియమం ఉండనివ్వండి. రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ హాల్లో పెట్టాలంటే పెట్టాల్సిందే. పెట్టకపోతే ఏమవుతుందో ముందే చెప్పండి, ఆ శిక్ష ఎన్ని రోజులో కూడా చెప్పండి. మౌనంతో వచ్చే చిక్కు అదే, ఎప్పుడు ముగుస్తుందో పిల్లకు తెలియదు.

మన సంస్కృతిలో అలకకు ముచ్చటైన చోటుంది. అలకపాన్పు మీద అల్లుడు అలుగుతాడు, సత్యభామ అలుగుతుంది. అది సరిజోడు మధ్య ఆట, ఎలా తీరుతుందో ఇద్దరికీ తెలుసు. పదేళ్ల పిల్ల మీద తల్లి అలిగితే ఆట కాదు. ఊళ్లో అయితే నాన్నమ్మ పక్కన కూర్చోబెట్టుకుని ముద్దలు కలిపి పెట్టేది, బాబాయి బజారుకు తీసుకెళ్లేవాడు. అమెరికాలో ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో నలుగురే ఉండే ఇంట్లో ఆ తలుపులు లేవు. అందుకే అదే మౌనం ఇక్కడ ఎక్కువ బరువు తూగుతుందని నా నమ్మకం.

అసోర్, రోత్, డెసి అనే పరిశోధకులు 2004లో షరతులతో కూడిన ప్రేమ మీద చేసిన పని ఇంకాస్త గుచ్చుతుంది. అనుకున్నది సాధిస్తేనే ప్రేమ దక్కుతుందని పెరిగినవాళ్లు ఆ పని చేస్తారు, కానీ గెలిచిన సంతోషం ఎంతోసేపు నిలవదు, ఓడితే సిగ్గుతో కుంగిపోతారు, కన్నవాళ్ల మీద కినుక మిగులుతుంది. అలా పెరిగిన తల్లులు తమ కూతుళ్లతోనూ అలాగే ఉండే అవకాశం ఎక్కువని తేలింది.

మార్కులు వచ్చిన రోజు చేయాల్సింది కష్టమైనదేమీ కాదు. కోపంగా ఉంటే ఆ మాటే చెప్పండి: "ఇప్పుడు కోపంగా ఉంది, ఎనిమిదింటికి కూర్చుని మాట్లాడదాం." ఎనిమిదింటికి తప్పకుండా కూర్చోండి. ఈలోగా అన్నం, పెరుగు, "ఇంకొంచెం వేయనా" అన్న మాట ఎప్పటిలాగే. మాట్లాడేది ఆ ఒక్క సబ్జెక్టు గురించే. పోయిన ఏడాది సైన్స్ మార్కులు, పక్కింటి అబ్బాయి, "మీ కోసమే కదా ఇంత దూరం వచ్చాం" అన్న మాట ఆ బల్ల మీదకు రాకూడదు. మూడోది అన్నిటికంటే చెడ్డది, ఎందుకంటే పిల్ల పుట్టకముందే మనం తీసుకున్న నిర్ణయపు అప్పు ఆమె తీర్చలేదు.

వాక్యాలు పూర్తి చేయడం గురించి ఒక మాట. "టీచర్ నన్ను... నాకు..." అని తెలుగు మాట కోసం వెతుక్కుంటుంటే మనం అందించేస్తాం. సాయమనుకుంటాం, ఆమె చెప్పబోయింది వేరే కావచ్చు. మనసులో ఐదు లెక్కపెట్టండి. మధ్యలో ఇంగ్లిష్ మాట వస్తే రానివ్వండి, ఆ పూటకు భాష దిద్దకండి.

మొదట చెప్పిన ప్రశ్నావళి వాక్యాల్లో ఒకటి ఎంచుకుని పిల్లనే అడగండి, "నేను ఇలా చేస్తానా?" అని. కారులో వెళ్తుండగా అడిగితే మేలు, ఎదురెదురుగా చూసుకోవాల్సిన పని ఉండదు. అవునంటే ఎప్పుడని ఒక్కసారి అడగండి. చెప్పింది విని, సంజాయిషీ చెప్పకుండా "సరే తల్లీ" అనండి. రెండో వాక్యం ఇంకో వారం.