పెన్సిల్‌తో వేసిన మార్కులు

మా బ్యాచ్ వాళ్ళు ఇద్దరు కలిస్తే ఎం.ఏ. హిస్టరీ కబుర్లు అడిషనల్ షీట్ల దగ్గరే మొదలవుతాయి. పరీక్ష హాల్లో పక్కవాడు లేచి "అడిషనల్ సార్" అన్నాడంటే మనకి టెన్షన్. వాడు ఏం రాస్తున్నాడో తెలీదు కానీ ఎంత రాస్తున్నాడో తెలిసిపోయేది. శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల్లో డిగ్రీ చేసి విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఆర్ట్స్ కాలేజీ మెట్లెక్కిన మాకు పేజీల లెక్కనే మార్కులు పడతాయని గట్టి నమ్మకం. దారం కట్టేటప్పుడు పేపరు లావుగా ఉంటే ఆ పూట భోజనం రుచిగా ఉండేది.

ఆధునికాంధ్ర చరిత్ర చెప్పిన సార్ మొదటి అసైన్‌మెంట్‌తోనే ఆ రుచి పోగొట్టారు. ఇలాంటి పూర్వ విద్యార్థుల సంచికల్లో పేరు వేయించుకోవడం ఆయనకి గిట్టదు, కాబట్టి సార్ అనే రాస్తాను.

ఇచ్చిన ప్రశ్న పద్మనాభ యుద్ధానికి, అంటే 1794లో విజయనగరం రాజు విజయరామరాజుకీ ఈస్టిండియా కంపెనీకీ జరిగిన యుద్ధానికి, కారణాలు. మనలో చాలామందిమి వాస్కో డ గామాతో ఓడ దిగాం. అక్కణ్ణుంచి భీమిలి డచ్చివాళ్ళు, 1765లో మొగలు చక్రవర్తి కంపెనీకిచ్చిన ఫర్మానా, మరుసటి ఏడు నిజాంతో ఒప్పందం, ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి రావడం. 1794 దగ్గరికొచ్చేసరికి చెయ్యి నొప్పి, కాగితం ఖాళీ. పేపర్లు తిరిగొచ్చాక చూస్తే ఒక్క అక్షరం కొట్టెయ్యలేదు. మార్జిన్‌లో ఓ చోట పెన్సిల్‌తో చిన్న గీత గీసి, పక్కన "ప్రశ్న ఇక్కడ మొదలైంది" అని రాశారంతే. నా రూమ్మేట్ పేపర్లో ఆ గీత ఎనిమిదో పేజీలో ఉంది. వాడు రాసింది తొమ్మిది పేజీలు.

అందరికన్నా ఎక్కువ మార్కులు వచ్చిన వ్యాసం మూడు పేజీలు కూడా లేదు. అదెలా అని గొడవ చేస్తే ఆ అమ్మాయి చేతే క్లాసులో చదివించారు. విజయరామరాజుని బందరు వెళ్ళిపొమ్మని కంపెనీ ఆజ్ఞ ఇస్తే ఆయన ఎందుకు వెళ్ళలేదు అన్నదాంతో ఎత్తుకుంది. వెళ్తే జమీ మీద పట్టు పోతుంది. ఉంటే కంపెనీకి పేష్కష్ (కప్పం) బకాయిలు కట్టాలి, సైన్యాన్ని తగ్గించుకోవాలి. దివాన్‌గిరీ చేసిన సీతారామరాజుతో అన్నదమ్ముల తగువు వీటికి తోడు. కంపెనీకి కావలసింది డబ్బొక్కటే కాదు, ఆయుధాలున్న జమీందారు లేకుండా చేసుకోవడం అని వాదించి, జులై 10న జరిగిన యుద్ధాన్ని రెండు వాక్యాల్లో ముగించింది. అడిగింది కారణాలు కదా, మరి! ఫర్మానా ఆమెకూ తెలుసు. దాన్ని ఎక్కడ వదిలెయ్యాలో కూడా తెలుసు.

పద్మనాభం ఇక్కడికి దగ్గరే, వెళ్ళి ఆ కొండెక్కి చూసి రండర్రా అనేవారు సార్. భీమిలి దాకా వెళ్ళి అక్కడ చేపల పులుసు తిని తిరిగొచ్చిన బృందం కూడా ఒకటుంది. ఎవరో చెప్పను, సంచిక చదువుతారు.

ఆయన దిద్దే పద్ధతి మాకు చాదస్తంగా కనిపించేది. పేపరు పైన పేరున్న భాగం మడిచి గుండుసూది పెట్టేవారు. అందరి మొదటి ప్రశ్నా చదివాకే రెండో ప్రశ్న ముట్టుకునేవారు. రెండో ప్రశ్నకి కట్ట కలిపేసి వరుస మార్చేవారు. ఒకడి మొదటి జవాబు బాగుంటే రెండోది కూడా బాగున్నట్టు అనిపిస్తుందని, మంచి పేపరు వెనకే వచ్చిన మామూలు పేపరుకి అన్యాయం జరుగుతుందని ఆయన లెక్క. మార్కు ముందు పెన్సిల్‌తో వేసి, ఒకటి రెండు రోజులు పోయాక మళ్ళీ చదివి, అప్పుడు ఇంకు పెన్ను తీసేవారు. అందుకే మాకొచ్చిన పేపర్లలో ఇరవైకి తొమ్మిది అన్న అంకె కింద చెరిపేసిన పదకొండు లీలగా కనిపించేది. ఆ రెండు మార్కుల కోసం మేము గదికి వెళ్తే, ఎందుకు తగ్గాయో నువ్వే చెప్పు అని పేపరు మన చేతికే ఇచ్చేవారు. చెప్పలేక బయటికొచ్చి, అవుట్‌గేట్ దగ్గర టీ తాగుతూ గొణుక్కునేవాళ్ళం.

భాష సంగతి ఒకటి చెప్పాలి. చదవాల్సిన పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉండేవి, తెలుగు అకాడమీ వేసినవి కొన్ని. రాసేది తెలుగులో. వి.ఎస్. కృష్ణా లైబ్రరీలో కూర్చుని ఇంగ్లీషు పేరా ముందు పెట్టుకుని దించేస్తే వచ్చే తెలుగు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. కొందరు ఆ లోటు గ్రాంథికంతో పూడ్చేవాళ్ళు. "ఒనర్చెను", "గావించెను" చూసి సార్ ఓ రోజు పాఠం ఆపేసి ఈ ఊరి కథ చెప్పారు. స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొర, ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గిడుగు, గురజాడ కలిసి లేవదీసిన వ్యావహారిక భాషా వాదం చివరికి పరీక్ష పేపరు మీదికే వచ్చింది. కాలేజీ పిల్లాడు కాంపోజిషన్ ఏ తెలుగులో రాయాలి అని మద్రాసు యూనివర్సిటీ ఉపసంఘం వేస్తే, ఆ సంఘంలో ఎక్కువమందితో ఒప్పుకోని గురజాడ 1914లో పెద్ద అసమ్మతి పత్రం రాశారు. "మీరు వాడుక తెలుగులో రాసి మార్కులు తెచ్చుకోవడం కోసం ఆయన అంత కష్టపడితే, మీరు మళ్ళీ గావించెను అంటారేమిట్రా" అన్నారు సార్. ఆ తర్వాత మా క్లాసులో ఎవరూ ఏదీ గావించలేదు.

లెక్చరరయ్యాక స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్తే ఆయన పద్ధతి ఎంత ఖరీదైందో తెలిసింది. కోడింగ్ చేసి నంబరు కత్తిరిస్తారు కాబట్టి పేరు మడిచే పని లేదు. కానీ కట్టలు కదలాలి, టైం అయిపోతుంటుంది, పెన్సిల్‌తో వేసి రెండు రోజులు ఆగుతానంటే చీఫ్ ఎగ్జామినర్ ఊరుకోరు. రిఫ్రెషర్ కోర్సులో ఒక పాత అమెరికా పరిశోధన గురించి విన్నాను. 1912లో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు ఒకే ఇంగ్లీషు పరీక్ష పేపరు నకళ్ళు స్కూళ్ళకి పంపితే, 142 మంది టీచర్లు దిద్దారు. నూటికి 64 నుంచి 98 దాకా వేశారు! పక్కనున్న లెక్చరర్లు నవ్వారు. నాకు మాత్రం గుండుసూదులు గుర్తొచ్చాయి. ఇద్దరు దిద్ది, తేడా మరీ ఎక్కువైతే మూడో మనిషికి పంపే ఏర్పాటుని కొందరు దండగ అంటుంటారు. నేను అనను. మార్కులు పంచే పట్టిక ఎంత బాగా రాసినా, "వాదన బలంగా ఉంది" అన్న గడిలో ఎంత వెయ్యాలో మనిషే తేల్చాలి.

ఇప్పటి పిల్లల వ్యాసాల్లో అక్షరదోషాలు లేవు, వాస్కో డ గామా కూడా లేడు. ఫోన్ని అడిగితే తీరైన పేరాల్లో రాసి ఇచ్చేస్తోంది. నేను మార్కు వేసేముందు పిలిచి ఐదు నిమిషాలు మాట్లాడిస్తున్నాను. ఈ పేరా తీసేస్తే నీ వాదనలో ఏం పోతుంది అని అడుగుతాను. సొంతంగా రాసినవాడు వెంటనే దెబ్బలాటకి దిగుతాడు.

1926లో పుట్టిన మన యూనివర్సిటీకి వందేళ్ళు. ఈ సందర్భంగా డిపార్ట్‌మెంట్లో పాత కాగితాలు పోగుచేద్దామని కొందరం అనుకుంటున్నాం. సార్ దిద్దిన వ్యాసాలు మీ అటకమీదో, ట్రంకు పెట్టెలోనో ఉంటే జిరాక్స్ తీసి పంపండి. మార్జిన్లు తెగిపోకుండా తియ్యండి, మనకి కావలసింది అవే. మార్కులు నలుగురూ చూస్తారని మొహమాటపడొద్దు. ఇరవైకి పదిహేను దాటి ఆయన ఎవరికీ వెయ్యలేదు.